జిప్సీయా, పాత మహీంద్రా జీపా, పాత థారా? లోపం చూసి ఎంచుకోండి

మారుతి జిప్సీకి మామూలు కొనుగోలుదారుల బుకింగులు 2018 చివర్లోనే ఆగిపోయాయి. అయినా తుప్పు పట్టని జిప్సీ ఒకటి అమ్మకానికి వచ్చిందంటే ఎక్కువ రోజులు నిలవదు. పాత మహీంద్రా జీపులదీ, 2010లో వచ్చిన మొదటి తరం మహీంద్రా థార్‌దీ ఇంచుమించు అదే పరిస్థితి. వీటిలో ఏ ఒక్కటీ సుఖమైన బండి కాదు. కొన్నింటికి ఏసీ లేదు, కొన్నింటికి పవర్ స్టీరింగ్ లేదు, వర్షానికి టాపు కారుతుంది, వెనక కూర్చున్నవారి నడుము విరుగుతుంది. అయినా ఉన్నవాళ్లు వదులుకోరు.

కారణం సులువే. ఈ బండ్లలో మంచి ఒకచోట, లోపం మరోచోట ఉండవు. రోడ్డు మీద మిమ్మల్ని ఎగరేసే కమాన్ కట్టలే (లీఫ్ స్ప్రింగులే) అడవి దారిలో ఏళ్ల తరబడి విరగకుండా పనిచేస్తాయి. గుద్దుకుంటే కాపాడలేని పలచటి బాడీయే బండిని ఇసుకలో కూరుకుపోనివ్వదు. అందుకే ఏది గొప్ప బండి అనే చర్చ ఎంత సాగినా తేలదు. ఏ లోపంతో మీరు రోజూ బతకగలరు అని అడిగితే మాత్రం జవాబు త్వరగా దొరుకుతుంది.

## ముందు ఏం చూడాలి

బరువు. బురదలో, ఇసుకలో హార్స్‌పవర్ కంటే ముందు లెక్కకు వచ్చేది ఇదే. తేలిక బండి తక్కువ దిగబడుతుంది. దిగబడినా నలుగురు తోస్తే బయటికి వస్తుంది. రెండు టన్నుల బండి అదే గుంతలో పడితే విన్చో (తాడుతో లాగే యంత్రం), ట్రాక్టరో కావాలి.

యాక్సిల్, సస్పెన్షన్. ముందు వెనుక గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కమాన్ కట్టలు ఉన్న బండిలో ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకుంటుంది. నేల పట్టు దొరుకుతుంది, విరిగే భాగాలు తక్కువ. ముందు చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలేది) ఉంటే రోడ్డు మీద స్టీరింగ్ నిలకడగా, నమ్మకంగా ఉంటుంది కానీ రాళ్ల దారిలో చక్రం త్వరగా గాల్లోకి లేస్తుంది.

డిఫరెన్షియల్ లాక్. ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లే డిఫరెన్షియల్, లాక్ ఆ రెండింటినీ కలిపి బిగిస్తుంది. ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిను శక్తి) వేసినా లాక్ లేకపోతే ముందు ఒక చక్రం, వెనక ఒక చక్రం గాల్లో తిరుగుతూ బండి కదలని స్థితి వస్తుంది. ఎదురుబదురు మూలల్లో గుంతలున్న దారిలో ఇది తరచూ ఎదురవుతుంది.

దారిలో బాగుచేసుకోగలగడం. మారేడుమిల్లి ఘాట్‌లోనో, నల్లమల లోపలి ఊళ్లలోనో ఆగిపోతే మీ బండిని స్పానర్లతో కదిలించగలరా, లేక స్కానర్ ఉన్న వర్క్‌షాపు దాకా లాక్కుపోవాలా?

వీటి తర్వాతే స్పేర్లు, భద్రత, కాగితాలు. అలాగని భద్రతను తేలిగ్గా తీసుకోమని కాదు. కుటుంబంతో తిరిగేవారికి అదే మొదటి ప్రశ్న, కింద దాని గురించి విడిగా చెప్పాం.

ఒక సంగతి ఈ పాత బండ్లన్నింటికీ వర్తిస్తుంది. ఇవి పార్ట్‌టైమ్ ఫోర్ బై ఫోర్లు. ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. పొడి తారు రోడ్డు మీద ఫోర్ బై ఫోర్ వేసి మలుపు తిరిగితే ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరగాలి. ఆ తేడాకు దారి లేక షాఫ్టులు మెలిపడతాయి, స్టీరింగ్ బిగుసుకుంటుంది, లీవర్ బయటికి రాదు. అప్పుడు లీవర్‌ను గుంజకండి. కొద్ది అడుగులు నేరుగా వెనక్కి నడిపితే ఒత్తిడి సడలి దానంతట అదే వస్తుంది. ఫోర్ బై ఫోర్ మట్టి మీద, ఇసుక మీద, తడి గడ్డి మీద మాత్రమే వేయాలి.

## జిప్సీ: తేలికే దాని బలం, తేలికే దాని బలహీనత

1985 డిసెంబరులో వచ్చిన తొలి జిప్సీ ఎంజీ 410. సుజుకి ఎస్‌జే 410కి పొడవాటి రూపం. 970 సీసీ పెట్రోల్ ఇంజిను, 45 హెచ్‌పీ, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజిను, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో అదే 1,298 సీసీకి 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ అదుపులో పెట్రోలు చిమ్మే) ఇంజిను పెట్టి 80 హెచ్‌పీకి తెచ్చారు. చివరిదాకా వచ్చిన బండి ఇదే.

సాఫ్ట్ టాప్ బరువు 985 కిలోలు. ఈ ఒక్క అంకె మిగతాదంతా చెబుతుంది. గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, టైరు 205/70 ఆర్15, అంటే కొలతల్లో అద్భుతమేమీ లేదు. కానీ గోదావరి ఇసుకలో టైరు గాలి 15 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే, దీనికంటే రెట్టింపు శక్తి ఉన్న బండ్లు కూరుకుపోయేచోట జిప్సీ పైపైనే వెళ్లిపోతుంది. రెయిడ్ డి హిమాలయ లాంటి ర్యాలీల్లో దశాబ్దాలపాటు జిప్సీలే కనిపించడానికీ, ఆదిలాబాద్ పక్కనున్న తాడోబా అడవిలో సఫారీకి ఇవే తిరగడానికీ మూలం ఆ తేలికే. దానికి ట్రాన్స్‌ఫర్ కేస్ తోడవుతుంది (శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచుతూ హై, లో రేంజ్ మార్చే గేర్ల పెట్టె ఇది). హై రేంజ్‌లోనే 1.409, లో రేంజ్‌లో 2.268 నిష్పత్తి ఉంటుంది. చిన్న ఇంజిను అయినా లో రేంజ్ మొదటి గేరులో బ్రేకు నొక్కకుండా నిటారు దిగుడు దిగుతుంది.

అదే గేరింగు హైవే మీద శిక్ష. ఐదో గేరులో 100 కిలోమీటర్ల వేగానికి ఇంజిను సుమారు 3,500 ఆర్‌పీఎం దగ్గర అరుస్తుంది. 80 దాటాక పక్కవారితో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. పక్కగాలికి బండి ఊగుతుంది. మైలేజీ వాడకాన్ని బట్టి లీటరుకు 9 నుంచి 11. లో రేంజ్‌లో అడవి దారి అయితే ఇంకా తగ్గుతుంది.

కార్బురేటర్ జిప్సీయా, ఎంపీఎఫ్ఐయా అన్నది కొనేవారు తరచూ అడిగేదే. కార్బురేటర్‌ది దారి పక్కన విప్పి, జెట్టు ఊది, మళ్లీ బిగించవచ్చు. పెట్రోలు పంపు కూడా ఇంజిను మీదే ఉండే మెకానికల్ రకం. ఎంపీఎఫ్ఐకి 80 హెచ్‌పీ ఉంటుంది, ఘాట్ రోడ్డులో ఊపిరి ఆడుతుంది, చలిలో ఒక్క తాళానికే స్టార్ట్ అవుతుంది. అయితే టాంకులో ఉండే ఎలక్ట్రిక్ పంపు పోతే దారిలో చేయగలిగింది ఏమీ లేదు. మా సలహా ఎంపీఎఫ్ఐయే. టాంకును పావు కంటే దిగనివ్వకపోతే పంపు చల్లగా ఉండి ఎక్కువకాలం మన్నుతుంది. కార్బురేటర్ కొంటే ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలును గుర్తుపెట్టుకోండి. పాతకాలపు రబ్బరు పైపులు, గాస్కెట్లు దానికి మెత్తబడి పగులుతాయి. బండి ఇంటికి వచ్చిన వారంలోనే ఇంధన పైపులన్నీ కొత్తవి వేయించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టే బండిలో టాంకు లోపల తుప్పు మొదలవుతుంది. నిలబెట్టేముందు టాంకు నిండుగా ఉంచడం మేలు.

### జిప్సీలో పోయేవి

తుప్పు మొదటిది, చివరిదీ. ముందు సీట్ల వెనక ఫ్లోరు, అద్దం ఫ్రేము కింది అంచు, బాడీని ఛాసీకి బిగించే మౌంటింగుల దగ్గర, వెనక క్రాస్ మెంబరు, ఈ నాలుగూ చూడాలి. పెట్టెలా మూసుకుని ఉండే ఛాసీలోకి రంధ్రాల గుండా బురద చేరి లోపలినుంచి తింటుంది. పైన పెయింటు మెరుస్తున్నా చిన్న సుత్తితో తడితే మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము డొల్లగా పలుకుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలో పెరిగిన బండి అయితే తట్టకుండా కొనకండి. ఇంజిను ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఛాసీ పోతే బండి పోయినట్టే.

రెండోది స్టీరింగ్ వణుకు. 50, 60 వేగంలో గుంత తగలగానే ముందు చక్రాలు రెండూ గడగడా కొట్టుకుంటాయి. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ మారుస్తారు. అది రోగాన్ని దాచిపెడుతుంది, నయం చేయదు. వరస ఇలా ఉండాలి: ముందు చక్రాల బ్యాలెన్సింగ్, గాలి. తర్వాత టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ కడ్డీల చివరి కీళ్లు). తర్వాత కమాన్ కట్టల బుష్‌లు, షాకిళ్లు (కట్టలను ఛాసీకి తగిలించే కీళ్లు). అప్పటికీ ఉంటే ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసైన కింగ్‌పిన్ బేరింగులు. అరిగితే మార్చి, షిమ్ములతో (పలచటి రేకులతో) బిగువు సరిచేయాలి. డ్యాంపర్ చిట్టచివర. కింగ్‌పిన్ విప్పినప్పుడు నకిల్ దగ్గర సీలు కూడా మార్చించండి. అక్కడినుంచి గ్రీజు, ఆయిలు కలిసి చక్రం లోపలి వైపు కారుతుంటే ఆ సీలు పోయిందని అర్థం.

మూడోది, జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకు అంటుకుని ఉండదు. చిన్న షాఫ్టుతో కలిపి, రబ్బరు మౌంటింగుల మీద విడిగా వేలాడుతుంది. రబ్బరు చిరిగితే కేస్ మెలితిరిగి వణుకు మొదలవుతుంది, లోడు మీద లీవర్ జారిపోతుంది. గేర్‌బాక్సు పోయిందని భయపెట్టి వేలకు వేలు బిల్లు వేసే సందర్భాలు ఇక్కడే వస్తాయి. ముందు మౌంటింగులు, తర్వాత షాఫ్టుల క్రాస్ బేరింగులు (షాఫ్టు కీళ్లు) చూడమనండి. క్రాస్ అరిగితే గేరు వేసి క్లచ్ వదలగానే కింద టక్కుమని శబ్దం వస్తుంది.

నాలుగోది టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోండి. టెన్షనరుతో కలిపి వేయించండి.

ఎత్తు పెంచాలని యాక్సిల్‌ను కమాన్ కట్టల కిందికి మార్చే పని కొందరు చేయిస్తారు. నాలుగైదు అంగుళాలు లేస్తుంది. దాంతోపాటు స్టీరింగ్ లింకు వాలు మారి గుంత తగిలినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి క్రాస్‌లు త్వరగా పోతాయి, మలుపుల్లో దొర్లే ప్రమాదం పెరుగుతుంది. మంచి టైర్లు, కొత్త బుష్‌లు, సరైన గాలి ఉన్న మామూలు ఎత్తు జిప్సీ మన దారులకు చాలు.

## పాత మహీంద్రా జీపు: అన్నీ ఇనుమే

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలైన మహీంద్రా ఆ వరసలో ఎంఎం 540, మేజర్, కమాండర్ లాంటివెన్నో తెచ్చింది. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా అడిగేది ఎంఎం 540. 2,112 సీసీ ప్యూజో డీజిల్, సుమారు 60 హెచ్‌పీ, ముందూ వెనుకా గట్టి యాక్సిళ్లు, కమాన్ కట్టలు. చాలా మేజర్లలో ఉండేది 2,523 సీసీ డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిను.

ఈ రెండు ఇంజిన్ల తేడా చలికాలం పొద్దున తెలుస్తుంది. ప్యూజోది ఇండైరెక్ట్ ఇంజెక్షన్. హీటర్ ప్లగ్గులు వేడెక్కనిదే లంబసింగి చలిలో స్టార్ట్ కాదు. నాలుగింటిలో ఒకటి పోతే ఒక సిలిండరు మండక తెల్ల పొగతో వణుకుతూ లేస్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌కు ఆ బాధ లేదు, మైలేజీ కూడా మెరుగే, కాకపోతే మోత ఎక్కువ. ప్యూజో దాని పక్కన మెత్తగా నడుస్తుంది.

జీపు మీద ప్రేమకు అసలు కారణం వైరింగు దాదాపు లేకపోవడం. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు. ఒకసారి స్టార్ట్ అయ్యాక డీజిల్, గాలి, నీళ్లు ఉంటే చాలు. బ్యాటరీ చచ్చినా దిగుడులో తోసి లేపవచ్చు. ట్రాక్టరు పంపు, నాజిల్ చేసే మేస్త్రి దీని పంపు కూడా చేయగలడు. అలాంటి మేస్త్రి లేని మండల కేంద్రం ఉండదు. డీజిల్ అయిపోయి ఆగితే ఫిల్టరు దగ్గర నట్టు వదులు చేసి, చేతి పంపుతో కొట్టి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగిస్తే పని అయిపోతుంది. పొలం పనికి, ఎస్టేటుకు, ట్రైలర్ లాగడానికి ఇదే సరైన బండి అని చెప్పడానికి మాకు సంకోచం లేదు.

బాధలు కూడా ఇనుములాగే గట్టివి. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. వాగు దాటాక తడిసిన డ్రమ్ములు కాసేపు పట్టవు. బయటికి రాగానే పాదం తేలిగ్గా ఆనించి కొంతదూరం నడిపి ఆరబెట్టాలి. స్టీరింగ్‌లో ఆట సహజం అని అమ్మేవారు అంటారు. రెండు మూడు వేళ్ల వెడల్పు సహజమే, అరచేయంత అయితే స్టీరింగ్ బాక్సు, లింకులు పోయినట్టు. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర ఆయిల్ చెమ్మ మామూలే, చుక్కలు పడుతుంటే సీలు మార్చాలి. హైవే మీద హాయిగా పోయే వేగం 60, 65. అంతకుమించి ఆశించేవారు జీపు కొనకూడదు.

మేజర్లలో, తొలి థార్ డీఐలో వెనక చక్రాలు మాత్రమే తిరిగేవి చాలా ఉన్నాయి. బయటి రూపం ఒకటే కాబట్టి తేడా తెలియదు. కిందికి వంగి ముందు డిఫరెన్షియల్, ముందు షాఫ్టు ఉన్నాయో లేదో కళ్లారా చూడండి.

## థార్ సీఆర్‌డీఈ, 2010 నుంచి 2020 దాకా

జీపు రూపం, కొత్త గుండె. 2,498 సీసీ కామన్ రైల్ టర్బో డీజిల్ (సీఆర్‌డీఈ అంటే ఇదే), 105 హెచ్‌పీ, 247 ఎన్‌ఎం, పవర్ స్టీరింగ్, ఏసీ. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లి, అక్కడ మట్టి దారి పట్టి, సాయంత్రానికి తిరిగి రావాలంటే ఈ మూడింటిలో అలసట లేకుండా చేయగలిగేది ఇదొక్కటే.

ముందు, మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే టార్షన్ బార్‌తో ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ కట్టలు. అందువల్ల రోడ్డు మీద జిప్సీ కంటే నిలకడగా ఉంటుంది, రాళ్ల మీద ముందు చక్రం జిప్సీ కంటే ముందే లేస్తుంది. ఆ లోటును టార్కు కొంత పూడుస్తుంది, లాక్ మిగతాది పూడుస్తుంది. 2015 మార్పుల్లో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఆప్షన్‌గా వచ్చింది. మీకు అడవి దారే ముఖ్యమైతే 2015 తర్వాతది, లాక్ ఉన్నదే వెతకండి. లాక్ లేని పాతదాన్ని తక్కువకు కొని, తర్వాత వేయించుకుందామనే లెక్క తరచూ తేడా వస్తుంది.

జిప్సీ కంటే అరటన్నుకు పైగా బరువు. వాన పడ్డ నల్లరేగడిలో ఈ తేడా నిర్దాక్షిణ్యంగా కనిపిస్తుంది. ఆ మట్టి టైరు గాడుల్లో నిండి నున్నటి చక్రంలా మారుస్తుంది. తేలిక జిప్సీ పెట్రోల్ ఇంజినును ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పి మట్టిని విదిలించుకుంటూ పోతుంది. థార్ దిగబడుతూ తవ్వుకుంటుంది. కర్నూలు, ఆదిలాబాద్ రేగడి నేలల్లో తిరిగేవారు థార్‌కు ఖాళీలు ఎక్కువున్న మడ్ టైర్లు వేయక తప్పదు.

కొనేటప్పుడు ముందు చక్రాల డ్రైవ్ షాఫ్టు బూట్లు చూడండి. చిరిగితే ఇసుక చేరి జాయింటును నమిలేస్తుంది. స్టీరింగ్ మొత్తం తిప్పి నెమ్మదిగా నడిపితే టకటకమంటే జాయింటు అయిపోయినట్టు. బాల్ జాయింట్లు, తలుపు కీళ్లు, ఫ్లోరు తుప్పు తర్వాత చూడాలి. ఇంజెక్టర్లు, సెన్సర్లు ఉన్న ఇంజిను కాబట్టి కల్తీ డీజిల్‌కు జీపులా ఓర్చుకోదు. డీజిల్ ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చడం చవకైన బీమా. మహీంద్రా సర్వీసు కేంద్రాలు జిల్లా కేంద్రాల్లో ఉండటం దీనికి పెద్ద అండ.

## కొత్తవాటి వైపు చూస్తే

ఫోర్స్ కంపెనీ గూర్ఖా 2021 నుంచి ముందూ వెనుకా డిఫరెన్షియల్ లాకులు, కంపెనీ ఇచ్చిన స్నార్కెల్ (ఇంజినుకు పైనుంచి గాలి తెచ్చే గొట్టం), 700 మిల్లీమీటర్ల నీటి లోతుతో వస్తోంది. రాళ్ల దారిలో దాన్ని ఆపడం కష్టం. రెండు టన్నుల దగ్గరి బరువు, పలచటి సర్వీసు నెట్‌వర్కు దాని లోపాలు. మీ ఊరినుంచి ఫోర్స్ సర్వీసు కేంద్రం ఎంత దూరమో ముందు చూసుకోండి.

జిప్సీ ప్రేమికులు పాత బండితో విసిగితే చూడాల్సింది మారుతి జిమ్నీ. 2023 జూన్‌లో ఐదు తలుపులతో వచ్చింది. నిచ్చెన ఛాసీ, ముందూ వెనుకా గట్టి యాక్సిళ్లు, లో రేంజ్ అన్నీ ఉన్నాయి. కమాన్ కట్టల స్థానంలో కాయిల్ స్ప్రింగులు. బరువు సుమారు 1,200 కిలోలు. ఎయిర్‌బ్యాగులు, ఏసీ ఉన్నాయి. జిప్సీ సుగుణాల్లో చాలావరకు ఉండి, దాని బాధల్లో చాలావరకు లేని బండి ఇది. లేనిదల్లా స్పానర్లతో అంతా విప్పగల సరళత.

| | జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ | ఎంఎం 540 | థార్ సీఆర్‌డీఈ | గూర్ఖా 2021 | జిమ్నీ |
|---|---|---|---|---|---|
| ఇంజిను | 1.3 పెట్రోల్ | 2.1 డీజిల్ | 2.5 డీజిల్ | 2.6 డీజిల్ | 1.5 పెట్రోల్ |
| హెచ్‌పీ, సుమారు | 80 | 60 | 105 | 90 | 105 |
| ముందు స్ప్రింగులు | కమాన్ కట్టలు | కమాన్ కట్టలు | టార్షన్ బార్ | కాయిల్ | కాయిల్ |
| లాక్ | లేదు | లేదు | వెనక, 2015 నుంచి ఆప్షన్ | ముందు, వెనుక | బ్రేకుతో పనిచేసే సాయం |
| పవర్ స్టీరింగ్ | లేదు | లేదు | ఉంది | ఉంది | ఉంది |
| ఎయిర్‌బ్యాగులు | లేవు | లేవు | లేవు | ఉన్నాయి | ఉన్నాయి |
| దారిలో బాగుచేయడం | చాలావరకు | దాదాపు అంతా | కొంత | కొంత | తక్కువ |
| బాగా పనికొచ్చేది | ఇసుక, బురద | పొలం, బరువు లాగడం | రోడ్డు, మట్టి రెండూ | రాళ్లు, వాగులు | రోజువారీ, మట్టి రెండూ |

## ఎవరికి ఏది

సెలవు రోజున దారి లేని చోట తిరగడమే మీ ఉద్దేశం, ఇంట్లో వేరే కారు ఉంది, చేతికి గ్రీజు అంటినా పర్వాలేదు అనుకుంటే జిప్సీ. ఇందులో మాకు అనుమానం లేదు. లాక్ లేని లోటును నడిపే పద్ధతితో కొంత పూడ్చవచ్చు. చక్రం గాల్లో తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే పట్టి, ఎడమ కాలితో బ్రేకు తేలిగ్గా నొక్కితే తిరుగుతున్న చక్రం నెమ్మదించి శక్తి నేల మీదున్న చక్రానికి చేరుతుంది.

పొలం, తోట, క్వారీ దారి, రోజుకు పది ఇరవై కిలోమీటర్లు, పక్కనే ట్రాక్టరు మేస్త్రి ఉంటే ఎంఎం 540. పాత బండిని విప్పి కొత్తగా నిలబెట్టాలనే సరదా ఉన్నవారికి కూడా ఇదే, విప్పితే అర్థం కాని భాగం ఇందులో ఉండదు.

ఉన్నది ఒకే బండి, నెలకోసారి దూర ప్రయాణం, అప్పుడప్పుడు అడవి అయితే లాక్ ఉన్న థార్.

చిన్నపిల్లలతో, పెద్దవారితో హైవే మీద తిరిగేవారికి ఈ మూడింటిలో ఏదీ వద్దని చెబుతాం. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, థార్‌లో అది 2019లోగానీ రాలేదు. వెనక సీట్లు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. గుద్దుకుంటే, అకస్మాత్తుగా బ్రేకు వేస్తే వాటిలో కూర్చున్నవారిని పట్టి ఉంచేది ఏదీ లేదు. గుడ్డ టాపు బండి దొర్లితే తలకు అడ్డం ఉండదు. జిప్సీ మీద ఎంత ప్రేమ ఉన్నా పక్కకు తిరిగిన ఆ సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టి హైవే ఎక్కకండి. ఈ కుటుంబాలకు జిమ్నీగానీ, గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో క్రాష్ పరీక్షకు 4 నక్షత్రాలు తెచ్చుకున్న 2020 తర్వాతి థార్‌గానీ సరైనవి.

## బండి చూడటానికి వెళ్లినప్పుడు

ఇంజిను చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి, ముందే స్టార్ట్ చేసి ఉంచవద్దని చెప్పండి. మొదటి పొగ చాలా చెబుతుంది. నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. డీజిల్‌లో నల్లగా వస్తూనే ఉంటే నాజిల్ లేదా పంపు పని ఉంది. తెల్లపొగ ఇంజిను వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి వెళ్తున్నాయేమో చూడాలి.

తర్వాత మట్టి నేల వెతుక్కోండి. ఫ్రీవీలింగ్ హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్‌తో కలిపే, విడదీసే మూతలు) ఉన్న బండి అయితే దిగి రెండూ లాక్ చేసి, ఫోర్ బై ఫోర్ వేసి, లో రేంజ్‌లో మెట్ట ఎక్కించండి. ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో బయట ఒకరు నిలబడి చూడాలి. ఏళ్లుగా వాడని లీవర్ కదలకపోవడం, కదిలినా ముందు చక్రాలకు శక్తి చేరకపోవడం సర్వసాధారణం. ఫోర్ బై ఫోర్ పనిచేయని బండిని ఆ ధరకు కొనడంలో అర్థం లేదు.

డిఫరెన్షియళ్ల, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ మూత విప్పించి వేలు ముంచి చూడండి. పాలలా తెల్లగా ఉంటే వాగులో మునిగి నీళ్లు చేరాయి. అలాగే నడిపి ఉంటే బేరింగులు అరిగిపోయి ఉంటాయి. కొన్నాక మీరూ లోతు నీళ్లలో తిరిగితే బ్రీథర్ గొట్టాలను (యాక్సిళ్లు, గేర్ల పెట్టెలు గాలి పీల్చే గొట్టాలను) పైకి పొడిగించండి, తిరిగివచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

చివరగా 60 వేగంలో చెడ్డ రోడ్డు మీద నడిపి స్టీరింగ్ వణుకు చూడండి. వణికితే కొనవద్దని కాదు, బుష్‌లు, కింగ్‌పిన్ల ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. బాడీ మీద అయస్కాంతం తిప్పితే పుట్టీ పెట్టిన చోట అంటుకోదు.

జిప్సీలో ఎప్పుడూ ఉండాల్సినవి: క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఫ్యాన్ బెల్టు, ఒక క్రాస్ బేరింగు, పెట్రోల్ ఫిల్టరు, హోస్ క్లిప్పులు, ఫ్యూజులు. జీపు అయితే డీజిల్ ఫిల్టరు, హీటర్ ప్లగ్గు, బ్రేకు ఆయిల్.

## కాగితాల దగ్గర

15 ఏళ్లు దాటిన ప్రైవేటు బండికి ఫిట్‌నెస్ చేయించి ఆర్సీని ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కార్లకు రెన్యువల్ రుసుము 5,000 రూపాయలు. 20 ఏళ్లు దాటితే ఇంకా ఎక్కువ, దానిపై గ్రీన్ ట్యాక్స్. ఆర్సీ గడువు అయిపోయిన బండిని, నేను చేయించి ఇస్తాను అన్న మాట మీద కొనకండి. ముందు చేయించి ఇమ్మనండి.

ఢిల్లీ ప్రాంతంలో 15 ఏళ్ల పెట్రోల్, 10 ఏళ్ల డీజిల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి జిప్సీలు, థార్‌లు దక్షిణాదికి వస్తుంటాయి. ధర ఆశపెట్టేలా ఉంటుంది. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీ జిల్లా ఆర్టీఓ పేరు మీద ఉందో లేదో చూసుకుని, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ ఆ బండి వయసుకు ఎంతవుతుందో కనుక్కుని, రెండూ ధరకు కలిపాకే పోల్చండి.

పంజాబ్, హర్యానా సరిహద్దులోని మండీ డబ్వాలీ పాత జీపులను కొత్తగా కట్టడానికి పేరుపొందింది. పని అందంగా ఉంటుంది, కాకపోతే ఆర్సీలో ఒక బండి, కళ్లముందు మరో బండి ఉండే అవకాశం ఉంది. కంపెనీ రూపాన్ని మార్చిన బండ్లకు రిజిస్ట్రేషన్ చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంజిను నంబరు, ఛాసీ నంబరు, సీట్లు, ఇంధనం, బాడీ రకం అన్నీ ఆర్సీతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. ఛాసీ నంబరు చుట్టూ వెల్డింగు, గీకిన గుర్తులు, అంకెల ఎత్తులో తేడా కనిపిస్తే బేరం అక్కడే ఆపండి.

వేలంలో అమ్మిన ప్రభుత్వ, సైనిక జిప్సీలు తక్కువకు దొరుకుతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించడం ఆపేశారు. కాబట్టి అలాంటి బండిని తుక్కుగా అమ్మారా, రోడ్డు మీద నడిపేందుకు అమ్మారా అన్నది వేలం కాగితంలో చదవాలి. తుక్కు కింద అమ్మినదైతే అది స్పేర్ల కోసమే పనికొస్తుంది. మీ దగ్గర ఇప్పటికే ఒక జిప్సీ ఉంటే, దాని యాక్సిళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్, తలుపుల కోసం కొనడం మాత్రం మంచి బేరమే.